పేరు రాయని డబ్బా

హలసూరు మార్కెట్ వీధిలో
మా స్టూడియో ఈ నెలాఖరుకి మూసేస్తాం.
ముందు అటక మీది డబ్బాలు దించుతున్నాను.

ఫోటో కాగితం వచ్చిన పసుపు డబ్బాలు, లోపల నెగటివ్‌లు.
ఒక్కోదాని పక్కన చెంగల్రాయుడి కుంచె రాత:
డెబ్బైలు. ఎనభైలు. తొంభైలు.
'లు' కొమ్ము మరీ కిందికి లాగేవాడు,
ఆవు తోకలా ఉందని మా నాయన కసిరేవాడు.

ఆఖరి డబ్బా పక్క ఖాళీ.

ఆ రోజు బాగా గుర్తు.
కుంచె నల్లరంగులో ముంచి పట్టుకుని
"దీనికేం రాసేది సార్?" అన్నాడు.
సున్నాలు, అన్నాను.
"పరీక్ష పోయినట్టుంటుంది."
రెండువేలు?
"రేటనుకుంటారు."
ఒకట్లు, పదులు, వందలు
బెత్తం దెబ్బలతో నేర్చిన స్థానాలు వెతికాం.
ఒకట్లు అనగానే ఇద్దరికీ ఒకేసారి
బళ్లో చిటికెనవేలు ఎత్తి బయటికి పరిగెత్తడం గుర్తొచ్చి
చాలాసేపు నవ్వాం.
కుంచె గట్టిపడింది.
"ఊర్లో ఏదో ఒక పేరు పడనీ సార్, అప్పుడు రాస్తా."

ఊర్లో పడలేదు.
ఊరి పేరే మారుస్తామంటున్నారప్పుడు.
మన నోట్లో అది ఎప్పుడూ బెంగళూరే,
మనకి మారిందేమీ లేదు.
రాయుడికి మాత్రం అంగళ్ల బోర్డులు చేతినిండా.

ఏడాదులకి పేర్లున్నాయి కదా,
ఉగాదికి పంచాంగం అయ్యవారు చదివి వినిపించేవాడు:
విక్రమ, వృష, చిత్రభాను, స్వభాను, తారణ, పార్థివ.
వ్యయలో మేం అప్పుచేసి డిజిటల్ మిషన్ కొన్నాం,
ఆ పేరు తప్పలేదు.
అరవై పేర్లు కూర్చినవాళ్లకి
పది పది మూటకట్టి
ముడి మీద ఒక మాట అతికించాలని తోచలేదేమో.
తోచాల్సిన పనీ లేదేమో.

డబ్బాలో పైనున్న కవరు తీశాను.
నీలం పరదా ముందు ఒక పిల్ల.
రాత్రి ఏడింటికి సుమో వచ్చి ఎక్కించుకుపోయేది,
తెల్లారి పాలవాడితో పాటు దించేది.
ఉద్యోగం కార్డుకి ఫోటో, అర్జెంటు, అంది.
పేరడిగాను.
"మునిలక్ష్మి."
రాయబోతే, "ఆగండి అంకుల్, ఫోన్లో నేను మోనికా."
ఏది రాయమంటావమ్మా?
కొంచెంసేపు ఆలోచించింది,
బయట సుమో హారన్ కొడుతోంది.
"రెండూ వద్దు, నంబరేయండి."
కవరు మీద నా చేతిరాతే: 0417.

కిటికీ వెలుతురుకి పట్టి చూశాను.
నెగటివ్ కదా, ముఖం నల్లగా,
జడ తెల్లగా నెరిసినట్టుంది.
ఇప్పుడెక్కడుందో,
ఏ పేరుకి పలుకుతోందో.

సగం దాటాక డబ్బాలో నెగటివ్‌లు లేవు.
ఆపైన అన్నీ సీడీలు.
తిప్పి చూస్తే వాటిలో నా ముఖమే,
తెరిచే మిషన్ నా దగ్గర లేదు.
పక్కన ఒక అరసున్న గీద్దామా అనిపించింది:
రాయాలి, పలకక్కర్లేదు,
అని మా తెలుగయ్యవారు చెప్పిన గీత.
పెన్ను తీశాను గానీ
డబ్బా మీద అది సగం చెరిపేసిన తప్పులా కనబడుతుందని
మూత పెట్టేశాను.

పాతసామాన్ల వాడు గుమ్మంలో నిలబడి
ఫిలింలో వెండుంటుందంట కదా,
కిలో లెక్కన ఇస్తారా, అంటున్నాడు.
రేపు రా, అన్నాను.

ఫ్లెక్సీలొచ్చాక చెంగల్రాయుడు కుంచెలు కట్టేసి
కుప్పం దగ్గర నాలుగావుల్ని పెట్టుకున్నాడు.
ఫోన్ చేశాను.
రాయుడూ, ఆ పదేళ్లకి
మీ పక్క ఏమైనా పేరు పడిందా?
అటు వైపు ఆవు ఒకటి అరిచింది.
"ఏ పదేళ్లు సార్?" అన్నాడు ముందు.
తర్వాత,
"ఓ... ఆ డబ్బానా,
ఇంకా పెట్టుకోనుండారా?
నల్లరంగు ఉందా, నేనే తెచ్చేదా?"