చివరి వరుస

తెల్లవారుజాము నాలుగింటికి హెబ్బాళ ఫ్లైఓవర్ మీద
నా బండి ఒక్కటే దగ్గింది.
డిసెంబరంటే దానికీ ఆయాసమే, నాకూ ఆయాసమే.
ఇద్దరమూ ఒకే ఏడాది రిటైరయ్యాం.

పద్దెనిమిదేళ్లు కంటి ఆసుపత్రి బండి ఇది.
పావగడ, మధుగిరి, గౌరీబిదనూరు,
దుమ్ము తిని బతికే ఊళ్లకి డాక్టర్లను మోసింది.
స్టీరింగు దగ్గర నేను.
వేలంలో తుక్కు ధరకి పాడినప్పుడు
గుమాస్తా నవ్వాడు: "ఇల్లు లేదా అమ్మా నీకు?"
ఉంది. మత్తికెరెలో, రెండో అంతస్తు.
కిటికీ తెరిస్తే పక్కింటి గోడ మీద నాచు.

సీట్లు పీకించాను. మంచం వేయించాను.
ఒక సింకు, రెండు బర్నర్ల పొయ్యి, నీళ్ల ట్యాంకు.
వడ్రంగి ఇలియాజ్ అంగుళం వదలకుండా కొలిచాడు.
వెనక గోడకున్న కళ్ల చార్టు మాత్రం ఉంచెయ్యమన్నాను.
ఎందుకని అడగలేదు. మంచివాడు.

యలహంక దాటాక మంచు మొదలయింది.
లైట్ల ముందు రెండు గజాల తారు,
ఆపైన లోకం ఇంకా తయారు కాలేదు.
రెండో గేరులో, పిల్లి నడక.
పక్క సీట్లో అనపకాయల సంచి,
మలుపుల్లో దొర్లకుండా దానికి బెల్టు కూడా పెట్టాను.

మాకళి కొండ కింద, రైలు పట్టాలకి ఇవతల,
ఒక బండ వారగా ఆపాను.
ఇంజను ఆగాక ఒక చప్పుడు మిగులుతుంది చూడండి,
వేడి ఇనుము చల్లారుతూ టిక్కు టిక్కుమనడం.
అదీ అయిపోయాక
నా శాలువా రాపిడి నాకే వినబడింది.

ఒక్కదానివే ఎందుకని అందరూ అడిగారు.
జవాబు ఇంకా తయారు చేసుకోలేదు.
పగలంతా అనపకాయలు ఒలిచి, గింజలు నానేశాను.
కొండ ఒకసారి మోకాళ్ల దాకా కనబడింది,
మళ్లీ పంచె దించుకుంది.

రాత్రి చలి తలుపు సందులోంచి వచ్చి
మంచం మీద నాకంటే ముందు పడుకుంది.
హిందూపురం వైపు గూడ్సు పోతుంటే పెట్టెలు లెక్కపెట్టాను,
నలభై మూడు దగ్గర లెక్క తప్పింది, నిద్ర రాలేదు.
టార్చి వేసి చార్టు చదవబోయాను.
పై వరుస సరే, ఐదో వరుస దాకా సరే,
చివరి వరుస చీమల బారు.
ఇన్నేళ్లూ ఎందరో చదువుతుంటే వీపుతో విన్నదాన్ని.
నా కళ్లు ఎవరూ చూడలేదు.
నేనూ అడగలేదు.

తెల్లారిందని గడియారం అంది, ఆకాశం ఒప్పుకోలేదు.
మెట్టు మీద కూచుని గింజలు పితుకుతున్నాను.
ముందు గొర్రెల వాసన వచ్చింది,
తర్వాత ఒక గంట, తర్వాత కంబళి,
కంబళిలో ముసలాయన. ముత్తురాయప్పట.
బండి పక్కన వెలిసిపోయిన కన్ను బొమ్మని తడిమి,
"ఇన్ని దినాలకి వస్తిరా మా తావుకి?"
"ఆసుపత్రి కాదు తాతా, ఇప్పుడిది నా ఇల్లు."
"ఇల్లయితే ఏం, కన్ను చూడకూడదా?"

లోపల కూచోబెట్టాను.
చదువు రానివాళ్ల చార్టు పక్కనే ఉంది,
అన్నీ మూడు పళ్ల దువ్వెనలు.
అరచేత్తో ఒక కన్ను మూసి,
పళ్లు ఎటు తిరిగున్నాయో వేలితో చూపమన్నాను.
కుడికి, పైకి, మళ్లీ కుడికి.
మూడో వరుసలో వేలు గాలిలో ఆగిపోయింది.
"ఈడా మంచే పడింది" అన్నాడు.
దొడ్డబళ్లాపుర ఆసుపత్రి పేరు, వారం, కాగితం మీద రాసిచ్చాను.
మడిచి తలపాగాలో దోపుకున్నాడు.

"నీకెవరు చూస్తారు?"
ఏమనాలో తోచలేదు.
ఉన్ని, పాలు, బీడీ కలిసిన అరచేయి
నా ఎడమ కన్ను మీద పడింది.
"అదో, ఆ నల్ల గొర్రె ఏ పక్కకి చూస్తా ఉంది?"
చాలాసేపు చూశాను.
"కొండ పక్కకి."
పకపకా నవ్వాడు. "గొర్రె ఏడుంది తల్లీ, అది బండరాయి!"

కాసేపటికి ఆ రాయి లేచి
మేతకి పోయింది.
ఇద్దరం అటే చూస్తూ ఊరుకున్నాం.
గిన్నెలో గింజలు ఇంకా సగం ఉన్నాయి,
తాత ఒక గుప్పెడు తీసుకుని పితకడం మొదలుపెట్టాడు.