చీకాకు నేర్పిన విద్యలు

చీకా అంటే మా భాషలో గాజుగ్లాసు.
ఇంట్లోకి వచ్చిన మొదటి సాయంత్రమే
తోకతో ఒకటి పగలగొట్టి
పేరు తనే పెట్టుకుంది.
చెవికి పసుపు బిళ్ల,
టీకా వేసిన వీధికుక్క అని
తిబిలిసి నగరం పెట్టిన కమ్మ.

నాకు అరవై తొమ్మిది.
కొండమీదికి పోయే తాడురైలుకి
ముప్ఫై ఏళ్లు బ్రేకు పట్టిన చెయ్యి ఇది.
ఆపడం తెలుసు.
అడగడం తెలీదు.

"దాజెకి" అన్నాను, కూర్చోమని.
నా బూట్లు వాసన చూసింది.
"దాజెకి!" అని గట్టిగా అరిచాను.
కింది వాటా గ్రామితోన్ కూర్చున్నాడేమో గానీ
చీకా కూర్చోలేదు.

అప్పుడు చీజ్ తీశాను.
సుల్గుని. ఉప్పునీళ్లలో ఊరిన తెల్లటి ముద్ద.
కుక్కకి ఉప్పు పడదని
దాని వాటా రాత్రంతా మంచినీళ్లలో నానబెట్టి
చిటికెనవేలి గోరంత ముక్కలు కోశాను.
ముక్కు మీదుగా ముక్కని మెల్లగా వెనక్కి జరిపితే
తల లేచింది, నడుము దిగింది.
కూర్చుంది!
కూర్చున్నట్టు తనకింకా తెలియకముందే
"కొచాఘ్!" అన్నాను, శభాష్ అని,
ముక్క నోట్లో పెట్టాను.
కిటుకంతా అదే. రెండు క్షణాలు ఆలస్యమైతే
శభాష్ దారి తప్పి
ఆవలింతకి పోతుంది,
లేదా గోడమీది పిల్లికి.

మార్చి అయ్యేసరికి
"తాతి" అంటే పంజా నా అరచేతిలో పెట్టేది.
గిరగిరా తిరగడం వచ్చింది, ఎడమవైపే.
కుడివైపు తిరగమంటే
నావైపు జాలిగా చూసేది.
చూద్దామని గ్రామితోన్ మనవరాలు ఇయా వచ్చిన రోజు
నేనెవరో ఎరగనట్టు
గోడవైపు తిరిగి కూర్చుంది.
"దీనికేం రాదు" అని పిల్ల వెళ్లిపోయింది.

చచ్చినట్టు పడుకునే ఆట మాత్రం
నజిబ్రోలా మాన్పించింది.
"ఈ ఇంట్లో అది వద్దు" అంది.
పోయినేడు ఆసుపత్రి మెట్లు
తనొక్కతే ఎన్నిసార్లు ఎక్కి దిగిందో
నేను లెక్కపెట్టలేదు. మగతలో ఉన్నాను.

ఇక గంట.
తలుపు గొళ్లేనికి ఇత్తడి గంట కట్టి
బయటికెళ్లాలంటే మూతితో కొట్టమని నేర్పాను.
మూడు రోజుల్లో పట్టుకుంది.
నాలుగో రోజు నన్ను పట్టుకుంది.

చెప్పలేదు కదూ, డాక్టరు నాకూ ఉప్పు మాన్పించాడు.
చీకాకు ఉప్పు తీసిన ముక్క,
నాకు తియ్యనిది.
దానికొకటి, నాకొకటి.
పాఠం అన్నాక గురువుకి దక్షిణ ఉండాలిగా!
ఆ రోజు రెండు ముక్కలు వరసగా
నా నోట్లోకే పోయాయి.
చీకా చూసింది.
లేచి వెళ్లి
గంట కొట్టింది.
వంటింట్లోంచి నజిబ్రోలా వచ్చింది,
"బయటికి తీసుకెళ్లవేం?" అంటూ.
నా బుగ్గ ఉబ్బి ఉంది.

మర్నాటి నుంచి నాకూ పాఠాలే.
"దాజెకి" అంటుంది. కూర్చుంటాను.
"తాతి" అంటుంది. చెయ్యి చాపుతాను.
రక్తపోటు మిషను పట్టీ బిగిస్తుంది.
అంకె బాగుంటే సగం అక్రోటు గింజ.
చీకా తల పక్కకి వంచి చూస్తుంది,
వెనకబడ్డ విద్యార్థి
ఎంతవరకు వచ్చాడోనని.

"కుక్కకి రోజుకి వంద శభాష్‌లు చెప్తావు"
అంది ఒకరోజు పట్టీ విప్పుతూ,
ఉల్లిపాయల ధర చెప్పినంత మామూలుగా.
"నలభై రెండేళ్లలో నాకెన్నొచ్చాయి?"
కింది వాటా రేడియో వింటున్నట్టు
నటించాను.

ఆ రాత్రి లోబియో వండింది.
చిక్కుడు గింజలు, కొత్తిమీర, ఉప్పు లేదు.
మొదటి చెంచా నాలుక మీద పడగానే,
ఆలస్యం చెయ్యకూడదు, రెండు క్షణాలు దాటకూడదు,
"కొచాఘ్" అన్నాను.
గొంతు సగమే వచ్చింది.

తన చెంచా గాలిలో ఆగింది.
నన్ను చూసింది.
వంగి బల్లకింద చూసింది,
చీజ్ ఎక్కడైనా దాచానేమోనని.
చీకా ఒక్కతే ఉంది అక్కడ.
అది బయటికొచ్చి
ఎవరూ అడక్కుండానే
కుడివైపుకి
ఒక్కసారి తిరిగింది.

చీజ్ గిన్నె కోసం
ఇద్దరం ఒకేసారి లేచాం.