ఎండలో చూడాలి

సాంతాక్రూజ్ బజారులో నా బట్టలకొట్టుకి
నెలకోసారి అగనేత వస్తుంది.
వెడల్పాటి గడ్డిటోపీకి నల్ల రిబ్బను.
వాళ్లలో పెళ్లయితే నలుపే.

"పువ్వులు పెద్దవైతే మా పెద్దలు ఒప్పుకోరు."
పోయినేడు గోరంత పువ్వు,
ఈ ఏడు ఆవగింజంత.
పువ్వు తగ్గేకొద్దీ
బేరం మాత్రం పెరుగుతోంది.

చివరికి ఒట్టి నల్లతాను తీయించి
గుమ్మందాకా తనే మోసుకెళ్లి
ఎండలో విప్పింది.
నేరేడుపండు రంగు!
పదేళ్లుగా అమ్ముతున్నా, నాకే తెలీదు.

"ప్రార్థనమందిరంలో కిటికీలు చిన్నవి,"
అంది, నవ్వకుండానే.
"జొన్నచేలో మాత్రం బోలెడంత ఎండ."

ఆరు గజాలు కొలిచాను.
కూతురి గౌను కుచ్చిళ్లకని
ఇంకో జానెడు అడిగింది.
జానెడు కాదు, మూరెడు కత్తిరించాను.
చీటీలో రాయలేదు.