నీటి సుత్తి

చివరి మలుపులో నన్ను దింపేసి
వెనక్కి తిరగడానికి బస్సు నానా తంటాలూ పడింది.
అక్కణ్ణుంచి నడకే.

కొండ భుజం మీద ముప్పై రెండు ఇళ్ళు.
ఎండకు కాలి కాలి, తేనెరంగు దాటి నల్లబడ్డ లార్చ్ దుంగలు.
ఎలుకలెక్కకుండా కాలికో రాతి బిళ్ళ తొడుక్కుని
నిలబడ్డ ధాన్యపు కొట్లు.
పొగ వచ్చే ఇళ్ళు మాత్రం తొమ్మిదే.
మిగతావాటి తాళాలు
జెనీవాలో పళ్ళ డాక్టర్ల జేబుల్లో ఉన్నాయట.

ఒనెజీమ్ చెయ్యి చాపాడు.
ఆ చెయ్యీ లార్చే.

"ముందు నేలమాళిగ" అన్నాడు,
భోజనం కంటే ముందు, నా పేరు అడగడం కంటే ముందు.
తల వంచి దిగాం.
తడి రాతి వాసన, ఏనాటివో పాల వాసన.
బల్ల మీద ఒంటరిగా ఒక చీజ్ చక్రం.
"ఇది నాది."
పాల పన్ను ఊడిందని చూపించే పిల్లాడిలా నవ్వాడు.

పెళ్ళైన ఏడు, ఎగువ మేత నుంచి దించిన పాలతో
ఉర్సీన్ చేసిపెట్టిందట,
అతను పోయిన రోజు
మోసే నలుగురికీ పెట్టడానికి.
యాభై మూడేళ్ళుగా ప్రతి శనివారం
ఉప్పునీటి గుడ్డతో ఒళ్ళు తుడుస్తున్నాడు దానికి.
పక్కన బల్ల మీద గుండ్రటి మరక.
ఉర్సీన్ చక్రం ఉండిన చోటు.

"గొడ్డలితో కొట్టాం.
ముక్క నోట్లో కరగడానికి అరగంట.
ఆ అరగంటా ఊళ్ళో ఒక్కరూ మాట్లాడలేదు."

రుచి ఎలా ఉంటుందని అడగబోయి
మాట మింగేశాను.

రాత్రి పొయ్యి దగ్గర
గోడకు వేలాడే పుల్లల కట్ట తీసి ఒళ్ళో పెట్టాడు.
ఇంటికో గుర్తు: కోడికాలు, కొడవలి, మూడు చుక్కలు.
గాటుకో గంట నీరు.
చదువురాని తాతలు కత్తితో రాసుకున్న పద్దు.
ఇప్పుడు వంతులన్నీ మనవరాలు ఒడిల్ ఫోన్లో ఉన్నాయి.
అయినా ఏ చలికాలమూ
ఒక్క పుల్లనీ ఎవరూ పొయ్యిలో పెట్టలేదు.

నిద్ర పట్టలేదు.
టక్.
కాసేపాగి, టక్.
పైన కొండ చరియకు వేలాడే చెక్క కాలవలో
చిన్న చక్రం, చక్రం ఎత్తిపడేసే చెక్క సుత్తి.
నీరు పారుతున్నంతసేపూ పలకని కొడుతుంది.
నాలుగు వందల పన్నెండు దాకా లెక్కపెట్టాను,
తిట్టుకున్నాను, దిండు చెవులకు కప్పుకున్నాను.
మూడింటికి కాబోలు
ఆగింది.

చీమ చిటుక్కుమంటే లేచే జనం కాదు వీళ్ళు,
చిటుక్కుమనడం మానితే లేచే జనం.
తొమ్మిది ఇళ్ళలో తొమ్మిది దీపాలు.
మెట్ల మీద బూట్లు. ఒడిల్ అప్పటికే గుమ్మంలో,
నైట్ గౌను మీద తాత కోటు.
"వస్తే రండి. కిందికి మాత్రం చూడకండి."
చూశాను.
అడుగు వెడల్పు పలక, దాని కింద
చీకటి తప్ప మరేమీ లేదు.

కాలవకు అడ్డంగా ఫిర్ కొమ్మ,
కొమ్మ వెనక ఆకులు,
ఆకుల వెనక ఎక్కణ్ణుంచో కొట్టుకొచ్చిన పసిపిల్ల చెప్పు.
మోచేతుల దాకా మంచునీట్లో ముంచి లాగింది.
నీరు ఒకసారి వెక్కింది.
చక్రం తటపటాయించి, తిరిగింది.
టక్.

కింద దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి.
ఎవరూ కేకేసి అడగలేదు, ఎవరూ థాంక్స్ చెప్పలేదు.
ఒడిల్ చెప్పుని కోటు జేబులో పెట్టుకుంది.
"లౌరెన్సా పాపది. రెండు రోజులుగా ఒకటే ఏడుపు."

పొద్దున సంచీ భుజానికెత్తుకుంటే
ఒనెజీమ్ వాకిలి దాకా వచ్చాడు.
"మళ్ళీ రా" అన్నాడు.
కాసేపాగి,
"ఊరికే రాకు. నేను పోయినప్పుడు రా.
కాస్త తొందరగానే పోతాలే,
నీ పళ్ళు గట్టిగా ఉండగానే."

బస్సు కిందికి మలుపులు తిరుగుతుంటే
నాలుకతో దవడపళ్ళు
ఒక్కొక్కటే తడిమి చూసుకున్నాను.