మూల తిరగని లేసు

నిన్న రాత్రి కంప్యూటర్ కొత్త చొక్కా తొడుక్కుంది.
గంటన్నర పట్టింది. నడుమ మూడుసార్లు
కళ్ళు మూసి తెరిచింది.
పొద్దున ఇద్రియా కొండల మీంచి పొగమంచు లేవకముందే
జ్వోంకా కాఫీ కలుపుకొచ్చి కూచుంటే
అన్నీ ఉన్నాయి.
గడియారం, వాతావరణం, ఎవరూ అడగని వార్తలు.
జెడ్ డ్రైవు మీద మాత్రం
ఎర్రటి ఇంటూ గుర్తు.

మెట్ల కింద అలమరాలో
పులిసిన క్యాబేజీ జాడీ పక్కన
పన్నెండేళ్ళుగా గురక పెడుతున్న నల్ల డబ్బా.
దాని కడుపులో వెయ్యినూట ఆరు లేసు నమూనాలు.
కాగితాలేమో పోయిన వరదలో పోయాయి.

ఆదివారం చర్చిలో పసిదానికి బాప్తిస్మం.
అంచు మూడు మూరలు అల్లేసింది.
తిన్నగా సాగే దారి వేళ్ళకు కంఠతా వచ్చు,
మూల తిరగడం రాదు.
ఆ మలుపు రెండువందల పద్నాలుగో నమూనాలో ఉంది.
నమూనా డబ్బాలో ఉంది.
డబ్బా

తీగ పీకి మళ్ళీ పెట్టింది.
రౌటర్ని ఆపి, పదిదాకా లెక్కపెట్టి లేపింది.
ఓపిక చాలక ఆరు దగ్గరే లేపింది.
నల్ల తెర మీద అంకెలు కొట్టి డబ్బాను పిలిచింది.
నాలుగు పిలుపులు, నాలుగు జవాబులు.
ఒక్కదానికీ రెప్పపాటు కూడా పట్టలేదు.
అంటే బతికే ఉంది. వింటోంది.
పిలిస్తే పలుకుతూ
తలుపు మాత్రం తీయనివాళ్ళని
ఏమనాలి?

పై అంతస్తు బస్సు డ్రైవరు కూతురు నేజా
ఒక కాలికే మేజోడుతో దిగొచ్చింది.
కాసేపు కెలికి,
"డబ్బా తప్పేం లేదు పిన్నీ" అంది.
"దానికొచ్చింది పాత భాష.
కొత్త సిస్టమ్‌కి ఆ భాష రాక కాదు,
ఇక మాట్లాడనని ఒట్టు పెట్టుకుంది.
ఆ గుమ్మంలోంచే దొంగలు దూరారట.
పైగా నువ్వు ఇన్నేళ్ళూ అతిథిగా వెళ్ళొచ్చావు.
పేరు లేదు, పాస్‌వర్డు లేదు.
ఇప్పుడు పేరు అడుగుతున్నారు."

నా ఇల్లు, నా అలమరా, నా జాడీ,
నేను అతిథినా?
జ్వోంకాకు నవ్వొచ్చింది, కోపం రావాల్సిన చోట.

నేజా ముందు ఇంటర్నెట్ తీగ పీకింది.
ఊరివైపు తలుపు బిగించాక
పాత గుమ్మం గొళ్ళెం తీసింది.
ఒక టిక్కు. ఒక రీస్టార్టు.
ఎర్ర ఇంటూ చెప్పాపెట్టకుండా పోయింది.

పచ్చగీత కదిలింది, నత్తకు పెద్దన్నలా.
మిగిలిన సమయం నలభై నిమిషాలు.
మిగిలిన సమయం మూడు గంటలు.
మిగిలిన సమయం పదకొండు నిమిషాలు.
"దీనికి వేళ్ళు లేవు కదా, లెక్క ఎలా వస్తుంది"
అంది జ్వోంకా, బాబిన్లు సర్దుకుంటూ.

ఎనభై ఎనిమిదో నమూనా చివర
స్కానర్ కింద చిక్కిన తన బొటనవేలు.
నూటమూడు మీద కాఫీ గిన్నె ముద్ర.
రెండువందల పద్నాలుగు, మూల దగ్గర,
నేర్పినావిడ పెన్సిలు రాత:
ఇక్కడ రెండు జతలు ఆగాలి.
ఎందుకో రాయలేదు.

అన్నీ కొత్త డిస్కులోకి చేరాక
గొళ్ళెం మళ్ళీ పడింది.
నేజా కొత్త పేరు ఇచ్చింది, పాస్‌వర్డు పెట్టుకోమంది.
జ్వోంకా అచ్చు తీసిన నమూనా తిప్పి
వెనకవైపు పెన్సిలుతో రాసుకుంది.

"అది రాసే చోటు కాదు పిన్నీ."
"మరెక్కడ వెతుక్కుంటాను?"
నేజా కిటికీవైపు తిరిగి
చూడనట్టు నిలబడింది.

తర్వాత చాలాసేపు
బాబిన్ల టకటక.
మూల వచ్చింది.
రెండు జతలు ఆగాయి.
అలమరాలో డబ్బా
ఇంకా గురక పెడుతూనే ఉంది.
దాన్ని ఆపే మాట
ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.