గాలి అని రాశాను

ఆ నవంబరు తర్వాత రూబేలో
నాకు పని పెరిగింది.
వడ్రంగిని, పేరు ఆర్మిందు.
నలభై ఏళ్ల కిందట పోర్చుగల్ నుంచి
మా నాన్న కొలబద్ద ఒక్కటే పట్టుకుని వచ్చాను.
తలుపు చూస్తే చాలు, ఎవరు విరిచారో చెప్పగలను.

దొంగ విరిచింది తాళం దగ్గర గీసుకుపోయి ఉంటుంది
కాస్త సిగ్గుపడ్డట్టు.
తాగొచ్చిన మొగుడు తన్నింది
మోకాలెత్తున సొట్టపోతుంది.
సర్కారు విరిచిన తలుపు మాత్రం
బందులతో, చట్రంతో సహా ఊడొచ్చి
నడవాలో వెల్లకిలా పడుంటుంది.
దానికి మొహమాటం లేదు.

అత్యవసర పరిస్థితి అన్నారు రేడియోలో.
ఇల్లు సోదా చెయ్యడానికి జడ్జి అక్కర్లేదట,
ప్రిఫెక్టు కాగితం చాలట.
నేనూ తలూపాను, అబద్ధమెందుకు.
పారిస్‌లో ఆ రాత్రి పోయినవాళ్లలో
మా బావమరిది కూతురి స్నేహితురాలుంది.
పట్టుకోండి వెధవల్ని, అన్నాను.

ఊపిన ఆ తలతోనే
మెజియాన్ వాళ్లింటికి వెళ్లాను.
నాలుగో అంతస్తు. లిఫ్టు పనిచెయ్యదు.
డబ్బాల్లో రవ్వంతా నేలమీద కుమ్మరించి ఉంది.
ఏం దొరికింది వాళ్లకి? అనడిగాను.
"రవ్వే," అంది వర్దియా
చీపురు ఆపకుండా.

మెజియాన్ ఇంట్లో లేడు, సంతకానికి పోయాడు.
పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం రెండుకి, సాయంత్రం ఏడుకి
స్టేషన్లో దారానికి కట్టిన పెన్నుతో.
సిటీ బస్సు డ్రైవరతను.
ఇప్పుడు బస్సు ఎక్కుతాడు, దిగుతాడు, అంతే.
ఎందుకట?
ఒక తెల్లకాగితం ఉంది.
రాసినవాడి పేరు లేదు, తేదీ లేదు.
అతను ప్రమాదకరమైనవాడని "తెలియవచ్చింది" అనుంది.
ఎవరికి తెలియవచ్చింది? ఎటునుంచి వచ్చింది?
కొలిచి కోసేవాణ్ణి నేను.
ఆ మాటకి ఎక్కడ టేపు పెట్టాలో తెలీలేదు.

వాళ్ల పిల్లాడు మసినిస్సా, ఏడేళ్లు,
మేకులు గుప్పిట్లో పట్టుకుని ఒక్కొక్కటే అందిస్తూ
"తట్టుంటే తీసేవాళ్లం," అన్నాడు.
కాసేపాగి
"అమ్మ లేస్తూనే ఉంది," అన్నాడు.
సుత్తి వేలిమీద పడింది నాకు.
ముప్పైయేళ్లలో మొదటిసారి.

బిల్లు ఎవరిస్తారు?
ప్రిఫెక్చరుకి అర్జీ పెట్టుకోండి, చూస్తాం, అన్నారు.
ఆ చూడ్డం ఇంకా అవలేదు.
బీమా వాళ్లేమో పోలీసులు విరిస్తే ఇవ్వరు.
ఫారంలో "నష్టానికి కారణం" అని ఒక గడి.
వర్దియా నావైపు చూసింది.
గాలి, అని రాశాను.

ఆ చలికాలం పంతొమ్మిది ఫారాల్లో రాశాను గాలి.
బీమా ఆఫీసు నుంచి ఒకావిడ ఫోను చేసింది.
"రూబేలో అంత గాలి ఎప్పుడు వీచిందండీ?
నాకెక్కడా కనబడలేదే."
"తెల్లవారుజామున నాలుక్కి వీస్తుందమ్మా," అన్నాను,
"కొన్ని వీధుల్లోనే.
కొన్ని పేర్లున్న గంటల దగ్గరే."
చాలాసేపు ఆవిడ ఊపిరి మాత్రం వినబడింది.
తర్వాత స్టాంపు దెబ్బ.

పద్నాలుగు నెలలకి
ఇక రానక్కర్లేదన్నారు మెజియాన్‌ని.
పొరపాటైందని అనలేదు.
ఆ మాట కోసం కౌంటరు దగ్గర ఇంకాస్త నిలబడ్డాడట.
వెనకనున్నవాళ్లు జరగమన్నారు.

అత్యవసరం అయిపోయిందని కూడా ఒకరోజు చెప్పారు.
దాన్ని తీసుకెళ్లి మామూలు చట్టంలో బిగించారు
పాత చట్రంలో కొత్త తలుపులా.
పనితనం మాత్రం బాగుంది. సందు కనబడదు.

మొన్న బందులకి నూనె వెయ్యడానికి వెళ్లాను.
ఓక్ చెక్క, మూడు బందులు, ఉక్కు గడియ.
ఏనుగొచ్చి తోసినా కదలదు, నాది పూచీ.
గడియ మీద ప్లాస్టిక్ పొర ఇంకా అలాగే ఉంది.
ఏమ్మా, వెయ్యట్లేదా? అన్నాను.

"మూడున్నరకి మెలకువొస్తుంది," అంది వర్దియా.
"లేచి, నేనే తలుపు ఓరగా తీసిపెట్టి పడుకుంటాను.
మంచి తలుపు కదా.
మళ్లీ విరగ్గొట్టడం ఎందుకు."