కిర్రు ఇసుక

రావెన్స్‌థార్ప్ దాటాక మాటామాటా అనుకున్నాం.
పెద్ద విషయమేం కాదు, పెట్రోలు ముల్లు.
"అక్కడే పోయిద్దామన్నానా లేదా" అంది సువర్చల.
నేను రేడియో పెంచాను.
అందులో గరగర తప్ప ఏమీ లేదు. అయినా తగ్గించలేదు.

ఆ తర్వాత కోసేసిన గోధుమ మోళ్ళు,
ఉప్పు మడుగులు,
ఎవరో కంచెకి తగిలించి మరిచిపోయిన ఒంటి బూటు.
మూడు పెట్టెల లారీ ఎదురొచ్చినప్పుడల్లా
కారు ఓసారి ఊగి సర్దుకునేది.
మేం సర్దుకోలేదు.

ఎస్పరెన్స్‌లో గులాబీ సరస్సు దగ్గర ఆగితే
నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.
"రంగు పోయి చాలా ఏళ్ళయింది,
మేం మాత్రం ఆ పేరుతోనే పిలుస్తాం" అన్నాడు బంకులో ముసలాయన.
మా ఇద్దర్నీ చూసి, "అక్కచెల్లెళ్ళా?" అనీ అడిగాడు.

తోడికోడళ్ళకి ఇంగ్లీషులో తిన్నగా మాట లేదు.
ఇద్దరు మొగుళ్ళని పిలిచి పక్కపక్కన నిలబెట్టి
వాళ్ళు అన్నదమ్ములని చెబితే గాని తేలని చుట్టరికం.
అందులో ఒక మొగుడు, నా మరిది,
రెండేళ్ళ కిందట కోర్టులో సంతకం పెట్టి
పక్కకు తప్పుకున్నాడు.
సువర్చల నావైపు చూడకుండానే "అవును" అంది.
ట్యాంకు నిండా పోయించి డబ్బులు తనే ఇచ్చింది.

పార్కు గేటు, నున్నటి కొండరాళ్ళు, తుప్పలు, ఒక మలుపు.
మలుపులో సముద్రం:
ఒడ్డున సిరాబుడ్డి కడిగిన నీళ్ళ రంగు,
లోపలికి పోయేకొద్దీ బుడ్డిలో మిగిలిన సిరా.
పిండారబోసినట్టు అన్న మాట
వెన్నెలకే వాడాలనుకునేదాన్ని.
మిట్టమధ్యాహ్నం, ఆ ఇసుకకి ఖర్చుపెట్టాను.

చెప్పులు విప్పి అడుగేశాం.
కిర్రు.
ఇంకో అడుగు.
కిర్రు, కిర్రు.
ఇద్దరి చేతులూ ఒకేసారి
చున్నీ కోసం భుజాలు తడుముకున్నాయి.
భుజాల మీద తువ్వాళ్ళు తప్ప ఏమీ లేవు.

"మామగారు!" అంది తను.

వరండాలో ఆ కిర్రు చెప్పులు వినబడగానే
వంటింట్లో మా నవ్వులు చప్పున ఆరిపోయేవి.
ఆ నవ్వులన్నీ ఎక్కడికి పోయాయో అనుకునేదాన్ని.
పరుగెత్తాం నీళ్ళదాకా,
ఎంత గట్టిగా తొక్కితే అంత గట్టిగా కిర్రుమంటుంటే
కావాలనే తొక్కుతూ.
నీళ్ళు ఎముకలు కొరికేంత చల్లన.

ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచు దగ్గర కంగారూ ఒకటి
సంచిలో పిల్లతో సహా వంగి నములుతోంది.
తలెత్తి చూసింది.
చుట్టరికం అడగలేదు.

చీకటి పడితే నడపకూడదని
కారు అద్దెకాగితంలో రాసుంది. నాలుగున్నరకే లేచాం.
ముల్లు ఇంకా పైపైనే ఉంది.
"చూశా..." అనబోయి ఆగింది సువర్చల.
ఆగిందని నాకు తెలిసింది.

రేడియో పెట్టలేదు.
కాళ్ళకింద పట్టా మీద అంటుకొచ్చిన ఇసుక
బ్రేకు తొక్కినప్పుడల్లా
ఏదో అంటూనే ఉంది.